పాణిలో ణ

గోడమీది అక్షరాల చార్టుకు
ఒక మూల చెదలు పట్టింది గాని
అ దగ్గర అమ్మ ఇంకా బాగానే ఉన్నది.
చేతిల గిన్నె, నెత్తిన పూలు.
ముందు వరుస గోనెపట్టా మీద కూర్చున్న
నేనావత్ ద్వాలి ఆమెను చూసి
"అ, యాడి" అని చదివింది.

నేను కాదన్న.
బొమ్మ మీద కట్టె ఆనించి మళ్ల అడిగిన.
"యాడి" అన్నది, ఈసారి గట్టిగ,
నాకు చెవుడు ఉన్నట్టు.

అ నుంచే మొదలుపెట్టాలె అని
దేవరకొండ ట్రైనింగుల చెప్పిండ్రు.
మూడొద్దులు, భోజనం పెట్టి మరీ.
యా నుంచి మొదలయ్యే పిల్లలుంటరని
ఎవరూ చెప్పలె.
తండాకు నేను కొత్త.
బండి దిగంగనే కుక్కలు కూడ
నాకు రాని భాషలోనే మొరిగినయి.

ఆ ఏడు మేము తలకిందులుగ నడిచినం.
య ముందు. దానికి దీర్ఘం. అటెనక డి.
బాటి కోసం బ.
దొండాకుతోని పలకలు తుడిచి తుడిచి
ఇరవై రెండు జతల చేతులు పచ్చగైనయి.
హర్యా మాత్రం ఉమ్మితోనే తుడుస్తడు.
వాని అక్షరాలు అందుకే ఎప్పుడూ
వాన పడ్డంక రాసినట్టుంటయి.

ణ దగ్గర ఆగిపోయినం.
చార్టుల ణ కింద వీణ.
"ఇదేంది సార్?" ద్వాలి.
వాయించేది, తీగెలుంటయి అన్న.
"నువు చూసినవా?"
పటంల చూసిన.
"పటంల గాదు, దగ్గర?"
లేదు.
మొత్తం బడిల వీణను చూసినోళ్లు
ఒక్కరు లేరు, సారును కలుపుకొని.

బాణం అన్న. అదీ పుస్తకంలదే.
గణితం అంటే ఇద్దరు బయటికి చూసిండ్రు.
ఏ మాటకూ ముందు నిలబడదు ఈ ణ.
ప్రార్థన లైన్ల చివర, ఎవరి వెనకనో
సగం కనబడే పిల్ల లెక్క.
బోర్డు మీద పెద్దగ రాసిన,
ముడి పడ్డ చాంతాడైంది.

అప్పుడే ట్యాంకరు హారన్ కొట్టింది.
"పాణి! పాణి!"
పలకలు అక్కడే పడేసి అందరూ ఉరికిండ్రు.
గోనెపట్టాల మీద ఇరవై రెండు సగం సగం ణలు.
చాక్‌పీసు పట్టుకొని ఒక్కణ్ణే
ఆ మాటను నోట్ల తిప్పుకున్న.
పా. ణి.

బిందె ఇంట్ల దించి వచ్చిన ద్వాలి
బోర్డు చూసింది, నన్ను చూసింది.
"మా నీళ్లల్లనే ఉన్నది గద సార్"
ఇన్నొద్దులు నేనే దాచిపెట్టినట్టు.

మా నాయినమ్మ "పాణం బాగలేదు బిడ్డా" అన్నప్పుడల్ల
ఐదో తరగతి చదువుతోని నేను
"ప్రాణం" అని దిద్దేటోణ్ణి.
ఆమె రాను ఎన్నడూ పట్టించుకోలె.
ణను మాత్రం చనిపోయిందాక వదల్లె.

చూడనీకి వచ్చిన ఆఫీసరు
చార్టుల లేని మాటలు చెప్పొద్దని
రిజిస్టర్ల ఒక లైను రాసిండు.
కింద సంతకం పెట్టిండు. ఎవరం చదవలేకపోయినం.

శనివారం ట్యాంకరు కంటె ముందే వచ్చిన.
బాట పొడుగున నీలం డ్రమ్ములు వరుసగ,
ఒక్కోదాని మీద చాక్‌పీసుతో ఇంటిపేరు,
కింద పాణి.
(డబ్బాలు ఎట్ల ఖాళీ అయితున్నయో ఇప్పుడు తెలిసింది.)
ఒక ణకు తోక లేదు.
ఒకటి అటు తిరిగి నిలబడ్డది.
ఒకదాని గుడి మూత మీదికెక్కింది.
ఎర్ర పెన్ను అంగి జేబులనే ఉన్నది.
బండి నడిపించుకుంట, పైకి చదువుకుంట పోయిన.

చివరి డ్రమ్ము బోర్లించి ఉన్నది.
హర్యా వాళ్లు రాత్రే పోయిండ్రట,
హైదరాబాదుల ఏదో బిల్డింగు పనికి.
మాట తలకిందులుగ ఉన్నది,
ఉమ్మితో తుడిచి మళ్ల రాసిన మచ్చ.

మెడ వంచి చదివిన.
సరిగ్గనే రాసిండు.