పహాణీల లేని గడ్డి

ఇరవై ఆరేండ్లు గిర్దావరు కొలువు జేసిన.
మక్తల్ అవతల ఎర్రగుట్ట కింది గైరానును
నా చేతితోనే రాసిన: పడావు, పనికిరాదు.
నీలి సిరా. అక్షరాలు ముద్దుగ వచ్చినయి.
ఎండ మండుతుండె,
జీపు దిగకుంటనే రాసిన.

ఆ ఒక్క మాట పట్టుకొని ఎవరెవరో వచ్చిండ్రు.
నీలగిరి మొక్కలు నాటిండ్రు,
మందలు సొరకుంట చుట్టూ కందకం దవ్విండ్రు.
మొక్కలు సచ్చినయి. కందకం మిగిలింది.
కందకంల తుమ్మ మొలిచింది,
దానికి సర్కారు తుమ్మ అని పేరు ఊరికెనే రాలె.
నడుమ ఉన్న గడ్డి, మేసెటోళ్లు లేక
ముసలిదై, ఎండి, తన కిందనే తాను
ఊపిరాడక పోయింది.
గడ్డికి గూడ కొరికే పండ్లు కావాలె.
ఇది నాకు ఏ ట్రైనింగుల చెప్పలె.

చెప్పింది కురుమ తిప్పమ్మ.
నూట నలభై నల్ల గొర్రెలు, రెండు కుక్కలు,
సచ్చిపోయిన ఊశన్న గొంగడి భుజమ్మీద.
"సారూ, నీ కాయితంల గడ్డికి ఖానా ఉన్నదా?"
యాది జేసుకున్న.
పట్టాకు ఉన్నది, శిస్తుకు ఉన్నది, బావికి ఉన్నది,
చింతచెట్టుకు సుత ఉన్నది.
గడ్డికి లేదు.

పింఛనొచ్చినంక మూడేండ్ల సంది
ఆమె మంద వెనుక తిరుగుతున్న.
తొలకరి పడ్డంక నలభై దినాలు ఎర్రగుట్ట బందు.
"గడ్డి పురిట్ల ఉన్నది, మూతి పెట్టొద్దు" అంటది.
అప్పటిదాంక మంద పెద్దవాగు ఒడ్డున,
ఆనంక దొనబండ బీడు,
కంకి ముదిరి గింజ రాలేటప్పటికి మళ్ల ఎర్రగుట్ట.
గిట్టలు గింజను మట్టిల తొక్కుతయి.
రాత్రి మంద పండిన జాగ
మరుసటేడు దూరం నుంచే పచ్చగ తెలుస్తది.

"మేతకు తిప్పుతున్న అనుకుంటున్నవా,
ఇది బట్వాడ సారూ."
ఉన్నిల చిక్కిన గింజ, పెంటల దాగిన గింజ
ఈ బీడు నుంచి ఆ బీడుకు.
"మరి తుమ్మకాయలు మేసి
తుమ్మ జల్లింది గూడ నీ గొర్రెలేనాయె?"
గిర్దావరు బుద్ధి, అడగకుంట ఉండలేకపోయిన.
ఆమె నవ్వలె.
"బట్వాడ జేసేటోనికి
మంచి ఉత్తరం, చెడ్డ ఉత్తరం తెలుస్తదా?
కాయ రాలే నెలల అందుకే అటు తోలను."

తుమ్మ మొదళ్లు తవ్వి తవ్వి
నా అరచేతులు ఈ వయసుల కాయలు గాసినయి.
నిరుడు నెండ్రగడ్డి లేచింది.
కాలు పెడితే పూరేడు పిట్టలు
గుప్పెడు గుప్పెడు మన్ను ఎగిరినట్టు లేస్తున్నయి.
వాటెంబడి నక్క వచ్చింది.
పుష్యమాసంల ఒక తెల్లారగట్ల
తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకపోయింది.
తిప్పమ్మ ఏడుతరాలూ తిట్టింది,
చాయి తాగినంక మెల్లగ అన్నది,
"వానికి గూడ శిస్తు కట్టాలె గద."

ఇప్పుడు వాగుకూ దొనబండకూ నడుమ
సోలారు కంపెనీ కంచె పడ్డది.
మంద తారురోడ్డు మీదికెల్లి పోవాల్సొస్తున్నది.
ఉగాదికి ముందు లారీ కింద నాలుగు పడ్డయి.
నిన్న ఆమె గేటు కాడికి పోయింది.
కావలి పిలగానిది ఒడిశా.
"అద్దాల కింద గడ్డి కోసెటందుకు నెలకెంత ఇస్తరు?"
వాడు వేళ్లు చూపిచ్చిండు.
"నా గొర్రెలు ఊరికెనే కోస్తయి.
దారి ఇయ్యి. పన్నెండు అడుగులు."
పిలగాడు హైదరాబాదుకు ఫోను జేసిండు.
ఎవరో సార్ మీటింగుల ఉన్నడట.

ఇంటికొచ్చి పంచె విప్పితే
అంచు నిండ గడ్డిముండ్లు.
ఒక్కొక్కటి పీకి పొయ్యిల వెయ్యబోయి ఆగిన.
కాయితంల చుట్టి, సైకిలెక్కి,
చీకటి పడకముందే
కందకం దాకా పోయొచ్చిన.

ఫోను ఇంక రాలె.
రేపు మళ్ల పోదామన్నది.