తెల్ల ఫ్లానెల్ గుడ్డ

ఆక్లిమా డాక్టరమ్మ జీవితం చెప్పమంటున్నారు.
నేను జీపు నడిపినవాణ్ణి.
నాకు తెలిసినవి కలుగులు.

ఆరల్ సముద్రానికి తూర్పున, సక్సావుల్ పొదల మధ్య,
ఒక్కో దిబ్బకి అరవై డెబ్బై నోళ్లు.
ఇసుకలో బోర్లా పడుకుని
కర్రకు చుట్టిన తెల్ల ఫ్లానెల్ గుడ్డని
మోచేతి దాకా లోపలికి పోనిచ్చేది,
నిద్రపోయే పసివాడి నోట్లోంచి వేలు తీస్తున్నంత నెమ్మదిగా.
నూరు లెక్కపెట్టి బయటికి లాగితే
గుడ్డ నిండా నల్లనువ్వులు.
ఎగిరే నువ్వులు.
గాజు గొట్టం అద్ది ఒక్కొక్కదాన్నీ పట్టేది.
మేజోళ్లు మోకాళ్ల పైకి లాక్కుని
"నా కాళ్లూ వలలే, సాపర్" అని నవ్వేది.
నాకు నవ్వొచ్చేది కాదు.

ఎందుకీ పని అని ఒక్కసారే అడిగాను.
తన ఏడో ఏట పెళ్లింట జబ్బు ఒంటెని కోశారట.
కొత్త బూట్లు కొనలేదని అలిగి
తను బండి కింద దూరి, విందుకి రాలేదట.
వారం తిరిగేసరికి పిలిచేవాళ్లు లేరు.
"అలక తీర్చకుండానే పోయారు" అంది,
గేరు మార్చమని చెయ్యి ఊపింది.

కాగితాల్లో ఆ జబ్బు పేరు రాయకూడదు, అంకె వెయ్యాలి.
పద్నాలుగేళ్ల లెక్కలు ఇనప బీరువాలోకి వెళ్లాయి,
తాళం ఆల్మాటీకి వెళ్లింది.

కజలీ అవతల ఒక పెళ్లి.
పందిట్లో ఒంటె, మెడ కింద నిమ్మకాయంత వాపు.
కత్తి నూరుతున్న ముసలాయన ముందు నిలబడి
మూడు నెలల జీతం లెక్కపెట్టింది.
నా ట్యాంకులో పెట్రోలంతా దాని మీద పోశాం.
పెళ్లికూతురు ఏడ్చింది. ఎవరో మట్టిగడ్డ విసిరారు.
తెల్లవార్లూ నడిచాం, నుదుట నెత్తురు తుడుచుకుంటూ
దారిలో కలుగులు లెక్కపెట్టింది.

ఆ ఊళ్లో ఎవరూ చావలేదు.
అందుకే ఎవరూ నమ్మలేదు.
పెళ్లి చెడగొట్టిన మనిషి, అంతే,
చచ్చేదాకా ఆ పేరే.

మీరు పుట్టిన తేదీ అడుగుతున్నారు. నాకు తెలీదు.
జనవరి పొద్దున్న కలుగు అంచున
వెంట్రుకంత మంచు పేరుకుని ఉంటే
లోపల ఊపిరి ఉన్నట్టు, అని నేర్పింది.
ఇప్పుడు నా చూపు సగం పోయింది.
అయినా మనవడు బండి తోలుతుంటే
ఆపమంటాను.
దిగి, వంగి,
చూసి వస్తాను.