టానుండాలో వినికిడి పరీక్ష

ముందు కుడి చెవి, అన్నాను.
ఎక్కువ పోయింది అదే, అన్నాడు ఎక్‌హార్ట్ వోల్‌లేబెన్,
ఎనభై మూడేళ్ళు, కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుని.
ముప్పై ఏళ్ళు లౌడ్‌స్పీకరు ఆ పక్కనే ఉండేదట.

ఫారంలో వృత్తి అన్న గడిలో
స్థాపకుడు అని రాశాడు.
దేనికి? అని అడిగాను,
మిషను సిద్ధమయ్యేలోగా ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

కాసెల్‌లో బీరు దుకాణం మేడమీద పదకొండు మంది,
పన్నెండో కుర్చీలో టైపు మిషను.
పార్టీ పేరుకి రెండు రాత్రులు, జెండా రంగుకి మూడు.
వానలో గోడలకి జిగురు, కోటు మీద కోడిగుడ్లు,
ఒక ఆదివారం
ఏడు పాయింటు మూడు శాతం.
ఆ పాయింటు మూడుని
బెల్లం ముక్కలా ఇంకా చప్పరిస్తున్నాడు.

"మంచాలు మనకే చాలవు."
ఆ పోస్టరు మాట నాదే, అని
నాకోసం మర్యాదగా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు.
నేను కుర్చీ ఎత్తు సరిచేశాను.

తర్వాత కుర్రాళ్ళొచ్చారు,
ఆయనకంటే గట్టిగా అరిచేవాళ్ళు.
ఆయన రాసిన పద్నాలుగో నిబంధన కిందే
ఆయన్ని బయటికి పంపారు.
కామా కూడా మార్చలేదు, అన్నాడు, కొంచెం గర్వంగానే.
గోతి సామెత నాలుక చివరిదాకా వచ్చింది.
మింగాను.

ఇక్కడ మేనకోడలి ద్రాక్షతోట. వీసా తాత్కాలికం.
ఏటా మార్చిలో అడిలైడ్ వెళ్ళి కాగితం చూపించాలి.
అది చెబుతూ నా బల్లమీది పేరు చదవబోయాడు,
చెన్నా... ప్ర...
ఆగాడు. నేను అందించలేదు.

గాజుగదిలో కూర్చోబెట్టి మీట చేతికిచ్చాను.
వినబడితేనే నొక్కండి.
సన్నని ధ్వనులన్నీ పోయాయి,
పిట్టలు, పిల్లలు,
నా గొంతు ఉండే మేర కూడా.

మధ్యలో ఫోను మోగింది. మిషను ఆపి అందుకున్నాను.
అద్దం అవతల
ఆయన నొక్కుతూనే ఉన్నాడు.
ఆగి, మళ్ళీ. గబగబా మళ్ళీ.
గడ్డం కాస్త పైకెత్తి,
ఎడమచేయి గాలిలోకి లేచి,
చాలు, ఇక కూర్చోండి, అని
ఎవరినో వారిస్తున్నట్టు.

అలాంటివాటికి మా ఫారంలో ఒక గడి ఉంది.
పంతొమ్మిది అని వేశాను.
ఇంకా ఎక్కువే అయ్యుండొచ్చు, ఫోనులో ఉన్నాను.

బాగా విన్నానా? అన్నాడు బయటికొచ్చి.
కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూపించాను:
రెండు చెవులకీ కావాలి. బుధవారం రండి.

వీధిలో మేనకోడలు వ్యాను హారను కొట్టింది.
మూడోసారి కూడా.
ఆయన కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు,
నిదానంగా, ఒక్కొక్కటే.