కాటా మీద ఇరవై

చీమకుర్తిలో రాత్రి పదకొండున్నర.
కర్నూలు రోడ్డు పక్కన నా వేబ్రిడ్జి,
నా కిటికీ, నా ఎర్రంకెలు.
పన్నెండు టైర్ల లారీ ఒకటి కాటా దిగి
నల్లరాయి మోసుకుంటూ
ఒంగోలు వైపు మూలుగుతూ పోయింది.

దాని వెనకే వచ్చిందది.
గొంతు సవరించుకుందంతే,
నా గల్లాపెట్టెలో చిల్లర గలగలమంది.
పసుప్పచ్చ కారు. పొడుగు ముక్కు, రెండే తలుపులు,
బండలాగుడుకి మేపిన కోడెలాగా
నిలబడ్డచోటే నేలని అదుముతోంది.

క్వారీ వాళ్ల శశాంక్ దిగి
"కేశవులన్నా, తూకం వెయ్యి" అన్నాడు.
రాళ్లు తూచాను, ఇసక తూచాను, పొగాకు బేళ్లు తూచాను,
పందెం కాసుకున్న పెళ్లివాళ్ల బస్సునీ ఒకసారి తూచాను.
ముచ్చట కోసం కాటా ఎక్కిన కారు మాత్రం
ఇదే మొదలు.

1780.

"తప్పు. పుస్తకంలో పదిహేడొందల అరవయ్యే!"

మెకానిక్ జిలానీ బీడీ పక్కనబెట్టి నవ్వాడు.
"ఆ ఇరవై నీ స్పీకర్లు రా అబ్బయ్యా.
ఎనకటికి ఈ జాతి బండిలో ఏముండేది?
ఇంజనూ, స్టీరింగూ, పైన దేవుడూ.
ఇప్పుడు సీటుకి వేడంట, సీటుకి చలవంట,
తలుపుల్లో గాలిదిండ్లు, ఎదురుగా టీవీ.
పహిల్వానుకి ఏడు పట్టుపంచెలు చుట్టి
పరిగెత్తమంటే ఎట్టా?"

"పరిగెత్తుద్ది. నాలుగొందల అరవై గుర్రాలు!
ఒక్కో గుర్రానికి నాలుగు కేజీలు కూడా పళ్లా."

"గుర్రాల్ని పెంచితిరి, వాటికి లావు టైర్లు,
లావు టైర్లకి లావు బ్రేకులు,
అన్నీ కలిసి ఇంకో వంద కేజీలు,
ఆ వందని లాగను మళ్లీ గుర్రాలు.
అప్పు తీర్చను అప్పు చేసినట్టుంది యవ్వారం."

మాలకొండయ్య అప్పటిదాకా టీ ఊదుకుంటున్నాడు.
లారీ తోలబట్టి ముప్పయ్యేళ్లు.
"నా బండి లోడుతో ముప్పయ్యైదు టన్నులు.
గుర్రాలు నూట ఎనభై.
ఒక్కోటి నూట తొంభై కేజీలు లాగుద్ది, కిక్కురుమనదు.
నీవి నాలుగు కేజీలకే అంత అరుస్తయ్యేంది?"

నవ్వాం. శశాంక్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"అయినా బరువుని తిట్టబాకండి" అన్నాడు మాలకొండయ్య,
ఈసారి ఎవరి మొహమూ చూడకుండా.
"పొదిలి కాడ వానలో ఖాళీ బండి
బొంగరంలా తిప్పి మిరపచేలో పడేసింది నన్ను.
లోడుంటే పడేదాన్ని కాదంది.
నాకట్టానే వినబడింది."

"మలుపులో బయటికి ఈడ్చేది ఆ లోడే గదా" అన్నాడు జిలానీ,
కానీ గొంతు తగ్గించి.

శశాంక్ మాత్రం ఇరవై దగ్గరే ఆగాడు.
జాకీ దించాడు, నీళ్లసీసా దించాడు,
జేబులో తాళాల గుత్తి, సెల్‌ఫోన్, మెళ్లో గొలుసు.
అంకె కదల్లేదు.
నా కాటాకి ఇరవైయే చిన్న అంకె,
దానికి దిగువన లోకం లేదు.

"నీ కాటా మోసం" అన్నాడు చివరికి.

పద్దెనిమిదేళ్లుగా బతిమాలినవాళ్లున్నారు,
బల్ల మీద నోట్లు పెట్టినవాళ్లున్నారు.
ఈ మాట మాత్రం ఎవరూ అన్లా.
చీటీ కొట్టి, ముద్ర గట్టిగా గుద్ది
చేతిలో పెట్టాను.

రబ్బరు వాసన వదిలి పోయింది పసుప్పచ్చ.
మిగతావాళ్లూ లేచారు.
కిటికీ మూయబోతూ చూశాను:
ఖాళీ కాటా మీద
ఎర్రగా, నింపాదిగా, 20.

టార్చి పట్టుకుని దిగాను.
ఇందాకటి లారీ టైర్లు రాల్చిన రాతిబురద,
తడిగా, నల్లగా, పలక పొడుగునా.
పారతో గీకి, పొరకతో ఊడ్చి,
సున్నా వచ్చాక చేతులు కడుక్కున్నాను.

శశాంక్ నెంబరు గోడ మీదే రాసుంది.
చెయ్యలేదు.
ఆ ఇరవై కోసం
రేపు కూడా టీకొస్తారు.