కొసరు కాయ

అంబాజీపేటలో, ముఠావాళ్ళు వెళ్ళిపోయాక,
మార్చి ముప్ఫై ఒకటి రాత్రి
తడి పీచు వాసన మధ్య
ఏడాది లెక్క కూడి గీత గీశాను:
అయిదు లక్షల పదివేల అయిదువందల పది.

కాయలు. కుళ్ళు, మొలక తీసెయ్యగా లారీలెక్కినవి.
షావుకారుకి అది సరుకు. నాకు మాత్రం
ఎవరో ఒకే పేరు రెండుసార్లు పిలిచినట్టుంది:
అయిదువందల పది, అయిదువందల పది.
అలా జంటగా వచ్చిన దేన్నయినా
వెయ్యిన్నొకటి చప్పుడు చెయ్యకుండా భాగిస్తుంది.

రోకడి పుస్తకం వెనకట్ట మీద
పెన్సిలుతో చీలుస్తూ పోయాను.
రెండు. మూడు. అయిదు.
ఏడు. మా కొట్లో ఆ మాట అనరు,
ఏడుపు తగులుతుందని
బుల్లిమంగ ముప్ఫై ఏళ్ళుగా
"ఆరున్నొకటి" అనే లెక్కపెడుతుంది.
పదకొండు, పదమూడు, పదిహేడు.
ఇంక చీలేది లేదు. మిగిలింది ఒకటి.
దాన్ని ఆవిడ "లాభం" అంటుంది.
ఒకటితో ఎంత హెచ్చవేసినా పైసా లాభం లేదని
ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు.

మొదటి ఏడు ప్రధాన సంఖ్యలూ,
తలా ఒక్కసారి, వరస తప్పకుండా.
ధవళేశ్వరం దిగువన నది ఏడయిందంటారు,
పడవెక్కి నేను దాటినవి మూడే.
తక్కినవి ఏ పంటకాలవలో పేరు మార్చుకున్నాయో,
ఏ గుర్రపుడెక్క కింద నిద్రపోయాయో.
అంకెలో మాత్రం ఏడూ పారుతున్నాయి.

తెల్లారి బుల్లిమంగకి చూపించాను.
ఏడువందల పద్నాలుగు వరసలు,
వరసకి ఏడువందల పదిహేను కాయలు,
సరిగ్గా సరిపోతాయన్నాను.
చదరం కాబోయి, వరసకొక్క కాయ ఎక్కువై ఆగిపోయిన రాశి.

ఆవిడ చేతికి రెండేసి గాల్లో ఎత్తి చూసింది.
"వందకి పాతిక పుంజీలు. చివర పది ఉంది కదండీ,
పుంజీలకి రాదు బాబూ. రెండు మిగుల్తాయి."
నిజమే. అందులో రెండు ఒక్కసారే ఉంది.
నేను రాత్రంతా మురిసిన అంకె
ఆవిడ చేతుల్లో ఇమడలేదు.

"ఆయ్, అయినా కొసరు కాయేదండీ?"

రాశి పక్కన ఎప్పుడూ ఒకటి విడిగా పెడుతుంది,
ఏ లెక్కలోకీ రానిది.
పెన్సిలు దాన్ని కలిపింది.
రెండుకి ఒకటి మిగిలింది, మూడుకీ ఒకటే,
ఆరున్నొకటికీ, పదిహేడుకీ.
ఏడుగురూ చేతులెత్తేసిన చోట
పంతొమ్మిది వచ్చి తలుపు తోసింది,
శేషం లేకుండా.

గన్నవరం వైపు వైనతేయ పారుతోంది,
ఏడుగురు ఋషుల పద్దులో లేని పాయ.
బుల్లిమంగ కాయని ఒళ్ళో వేసుకుని వెళ్ళిపోయింది.
దాన్ని జమలో రాయాలో ఖర్చులో రాయాలో తెలీక
కలం పట్టుకుని కూర్చున్నాను,
మొదటి లారీ హారన్ కొట్టేదాకా.