కొట్టివేతలు

కనుమ మూసుకోవడానికి పదకొండు రోజులుంది.
చీజు సంఘం మీటింగు నాజిబ్రోలా పశువుల కొట్టంలో,
ఉన్ని బస్తాల మీద.
రాసే పని నాది. దస్తూరీ బాగుంటుందని కాదు,
కళ్లజోడు ఉన్నది నాకొక్కడికే.

ఇరవై మూడు తేలాయి.
కొత్త రాగి కాగు. తోడేళ్ల కోసం రెండు కుక్కలు.
టిబిలిసిలో కొట్టు. వంతెనకి పలకలు.
పాలు చల్లబరిచే ట్యాంకు.
బాద్రికి ఏకంగా హెలికాప్టరే కావాలి.
నవ్వాం. అయినా రాశాను,
అడిగింది అడిగినట్టు రాయడమే కదా నా పని.

"పదిమంది చేతుల్లో పామే చావదు,
ఇరవై మూడు పనుల మధ్య సంఘం బతుకుతుందా?"
అంది ఎటెరి.
ఒక్కొక్కరి అరచేతిలో మూడు అక్రోటు కాయలు పెట్టింది.
"ఏది లేకపోతే మనం వచ్చే వేసవికి ఉండమో
దాని పక్కన పెట్టండి.
ఉంటే బాగుండేవాటి పక్కన కాదు."

తర్వాత చాలాసేపు కాయల చప్పుడే.
ముసలి వాఖ్తాంగ్ మూడోది పెట్టాడు, తీశాడు,
జేబులో వేసుకున్నాడు.

వంతెన పలకలు.
ఎండుగడ్డి.
ఉప్పు.

అంతే.
తొమ్మిది మందిమి, ఇరవై ఏడు కాయలుండాలి,
ఇరవై ఆరే వచ్చాయి.
ఎవరూ వాఖ్తాంగ్ వైపు చూడలేదు.

మిగతా ఇరవై కొట్టెయ్యాలి.
రాయడం కంటే గీత గియ్యడమే ఆలస్యం.
హెలికాప్టరు తేలిగ్గా పోయింది,
బాద్రే చప్పట్లు కొట్టాడు.
కాగు దగ్గర నాజిబ్రోలా
పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది,
మాట్లు వేసిన ఆమె కాగు ఇంకో ఏడాది కారాలిక.
పద్నాలుగోది నాది:
చీజు చక్రాల మీద వెయ్యడానికి ముద్ర.
నాలుగేళ్లుగా జింక కొమ్ములు గీసి గీసి చెరిపేస్తున్నాను.
పెన్ను దాని మీదికి వచ్చాకే తట్టింది,
నా మూడు కాయల్లో ఒక్కటీ
దాని పక్కన పెట్టలేదు నేను.

కుక్కల మీద గీత మాత్రం కొంచెం పలచగా గీశాను,
అక్షరాలు కనబడేలా.
వాఖ్తాంగ్ కుక్క పోయిన వసంతంలో,
మంద ముందు నిలబడి పోయింది.

బయట చీకటి పడకముందే
బాద్రి లాంతరు, సుత్తి పట్టుకుని వాగు వైపు నడిచాడు.
వాఖ్తాంగ్ వెనకాలే,
భుజం మీద ఒక పలక,
ఒక చెయ్యి జేబులో.