పదమూడో గడి

రాజేంద్రనగర్‌లో, యూనివర్సిటీ గోడకు ఇవతల
ఇరవై రెండేళ్లుగా కందిపూలకు ముసుగులేస్తున్నాను.
తేనెటీగ ఒక్కటి దూరినా
ఆ లైను చెడిపోతుంది.
పేర్లు పెన్సిల్‌తోనే రాస్తాను,
పెన్ను వానకు కరిగిపోతుంది కాబట్టి.
గోడకు అవతల ఏటా ఇంకో అంతస్తు మొలుస్తుంది;
దానికి ముసుగు వేసేవాడు లేడు.

నూట పదిహేడో లైను మాకు ముద్దుబిడ్డ.
ఎండు తెగులు మడిలో, చచ్చిన మొక్కల నడుమ
అదొక్కటే మూడేళ్లు పచ్చగా నిలిచింది.
నుజ్హత్ మేడం ఆ గట్టు మీద
చెప్పులు విడిచి నిలబడటం నేను చూశాను.
రిజిస్టర్‌లో దానికి పన్నెండు గడులు:
పూతకెన్ని రోజులు, కాయకెన్ని గింజలు,
నూరు గింజల బరువెంత, పురుగు తిన్నదెంత...
అంతా నా చేతిరాతే.

ఫిబ్రవరిలో రైతుమేళా.
షామియానా, డ్రోను, డ్రోను చుట్టూ పిల్లలు.
ఒక కుర్రాడు మైకులో
"యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి" అంటున్నాడు.
ముందు వరసలో అందరివీ బటన్ ఫోన్లు.

చేవెళ్ల వైపు నుంచి వచ్చిందట, మొగులమ్మ.
ఎకరంన్నర ఎర్ర చెలక.
సద్ది డబ్బా చంకన ఇరికించుకుని
మా గింజను గోటితో గిచ్చింది, పంటితో కొరికింది,
నాలుక మీద పెట్టుకుని కాసేపు ఏమీ అనలేదు.
"మంచిగనే ఉంది సారూ.
కుక్కర్ల ఎన్ని కూతలకు ఉడుకుతది?"

పన్నెండు గడులూ వెతికాను.

"కట్టె ఎంతెత్తు లేస్తది? తడకకు అందుతదా?"
ఎత్తు ఉంది. సెంటీమీటర్లలో ఉంది.
తడక లేదు.

విడుదల కాని విత్తనం గేటు దాటకూడదు.
దోసెడు ఇచ్చాను.
కొంగున ముడేసుకుని ఆరాంఘర్ బస్సుకని
వెనక్కి చూడకుండా పోయింది.
నా ఉద్యోగం ఆ ముడిలో ఉన్నట్టు
నేనే చాలాసేపు చూశాను.

ఆ రాత్రి అత్తాపూర్‌లో, మా ఇరుకు వంటింట్లో
రెండు కుక్కర్లు.
ఒకదాంట్లో అంగడి పప్పు, ఒకదాంట్లో నూట పదిహేడు.
మా ఇంటామె వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది.
అంగడిది మూడు కూతలకే మెత్తబడింది.
మాది ఐదు.
"ఇన్నేళ్లు పొద్దుగూకినంక ఇంటికొచ్చింది దీనికోసమేనా?"
అంది, వడ్డిస్తూ.
రెండోసారి వేసుకుంది మాత్రం దాన్నే. అదీ చెప్పాలి.

పొద్దున స్కేలు పెట్టి రిజిస్టర్‌లో ఒక గీత గీశాను.
పదమూడో గడి. పైన రాశాను: కూతలు.
సోమవారం మీటింగులో మేడం వేలు అక్కడ ఆగింది.
ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.
"గ్యాస్ మీదా, కట్టెల పొయ్యి మీదా?" అంది.
అది నేను రాయలేదు.

ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది, బల్ల నుంచి బల్లకు.
తెగులు సోకదు. పూత రాదు.

డిసెంబర్ చివర మొగులమ్మ ఫోన్.
వెనక మేకల అరుపు.
"గట్టెంబడి రెండు సాళ్లు పెట్టిన సారూ.
మా పాత కంది సగం ఎండింది, ఇది ఎండలే.
కట్టె పొట్టిది. తడకకు రాదు, పొయ్యిలకే.
మొన్న జరంత వండి చూసిన.
పక్క చేనోళ్లు ఇత్తులడుగుతున్నరు,
పేరేమని చెప్పాలె?"

నూట పదిహేడు, అన్నాను.
"అంకె కాదు సారూ, పేరు."
నేను తడుముకుంటుంటే ఆమే అంది:
"పోనీ తియ్యి. ఐదు కూతల కంది అంటున్న.
ముందుగాల్నే చెప్పి ఇస్తే
ఎవ్వరు తిట్టరు గద."